అక్వేరియం కడిగిన మర్నాడే చేపలు ఎందుకు చనిపోతాయి?

ఇంట్లో సైన్స్: తల్లిదండ్రులు, పిల్లలు కలిసి చదువుకునే పాఠం

పుట్టినరోజుకో, పరీక్షలు బాగా రాసినందుకో పిల్లలు పట్టుబడితే ఇంటికి అక్వేరియం వస్తుంది. రెండు మూడు నెలలు అంతా బాగానే ఉంటుంది. నీళ్లు కాస్త పసుపు రంగుకు తిరిగి అద్దానికి నాచు పట్టగానే, ఒక ఆదివారం ఇంట్లో అందరూ పూనుకుంటారు. చేపల్ని బకెట్‌లోకి తీస్తారు. గులకరాళ్లు తోముతారు, ఫిల్టర్ స్పాంజ్‌ను నల్లా కింద పిండుతారు, అద్దం తళతళలాడేలా తుడిచి నిండా కొత్త నీళ్లు పోస్తారు. మర్నాడు స్కూలు బస్సు వచ్చే వేళకు రెండు చేపలు తేలి ఉంటాయి.

పెద్దవాళ్లు దిష్టి తగిలిందంటారు, లేదా షాపులో జబ్బు చేపలు అంటగట్టారంటారు. పిల్లలు మాత్రం సరైన ప్రశ్న అడుగుతారు: "మనం శుభ్రమే కదా చేశాం, మరి ఎందుకు చనిపోయాయి?"

ఈ ప్రశ్నకు జవాబు చాలావరకు పిల్లల పుస్తకాల్లోనే ఉంది. ఏడో తరగతిలో ఆమ్లాలు, క్షారాలు వస్తాయి. పదో తరగతిలో పీహెచ్ స్కేలు వస్తుంది. ఆ రెండు పాఠాలను ఇంట్లోని గాజు తొట్టి దగ్గర కూర్చుని చదివితే తేలేది ఒక్కటే. చేపలు రకరకాల నీళ్లకు అలవాటు పడగలవు, కానీ నీరు ఒక్కసారిగా మారిపోతే తట్టుకోలేవు. కాబట్టి పీహెచ్ అంకెను "సరిచేయడం" కంటే దాన్ని నిలకడగా ఉంచడమే మన అసలు పని.

పీహెచ్ అంకె ఏం చెబుతుంది?

నీరు ఎంత ఆమ్లంగా, ఎంత క్షారంగా ఉందో చెప్పే కొలత పీహెచ్. 1909లో కోపెన్‌హాగన్‌లోని కార్ల్స్‌బర్గ్ ప్రయోగశాలలో పనిచేసిన సోరెన్సెన్ అనే డేనిష్ రసాయన శాస్త్రవేత్త దీన్ని ప్రవేశపెట్టారు. 25 డిగ్రీల దగ్గర స్వచ్ఛమైన నీటి పీహెచ్ 7. అంతకంటే తక్కువైతే ఆమ్లం, ఎక్కువైతే క్షారం.

పిల్లలు బట్టీపట్టి వదిలేసే విషయం ఇందులో ఒకటుంది. ఈ స్కేలులో ఒక్కో మెట్టు పది రెట్లు. పీహెచ్ 7 నీటితో పోలిస్తే 6 ఉన్న నీటిలో హైడ్రోజన్ అయాన్లు పది రెట్లు ఎక్కువ. 8 ఉన్న నీటితో పోలిస్తే 6 ఉన్న నీటిలో వంద రెట్లు ఎక్కువ. "ఆరు నుంచి ఎనిమిదికి పెరిగింది, రెండే కదా" అని మనకు అనిపిస్తుంది. చేపకు మాత్రం అది వంద రెట్ల మార్పు. మొప్పలు ఎప్పుడూ నీటిలోనే తెరిచి ఉంటాయి కాబట్టి ఆ మార్పు నేరుగా రక్తం దాకా వెళుతుంది.

మన ఇంట్లో ఏ నీళ్లు?

మన పట్టణాల్లో ఒకే ఇంటికి రెండు మూడు రకాల నీళ్లు వస్తుంటాయి. అక్వేరియంలో ఏవి పోస్తున్నామో ముందు తెలుసుకోవాలి.

బోరు నీళ్లు: దక్కన్ రాతినేలలోంచి వచ్చే బోరు నీళ్లు సాధారణంగా కఠిన జలాలు. గీజరులో, కుళాయి మూతి దగ్గర తెల్లటి పొర కడుతుందంటే కాల్షియం, బైకార్బొనేట్ దండిగా ఉన్నట్టే. ఇలాంటి నీటి పీహెచ్ తరచుగా 7.5 నుంచి 8.3 మధ్య ఉంటుంది.

మున్సిపల్ నీళ్లు: నదుల నుంచి, జలాశయాల నుంచి శుద్ధి చేసి పంపే నీళ్లు. బోరు నీళ్లకంటే మెత్తన. తాగునీటికి భారతీయ ప్రమాణం ఐఎస్ 10500 నిర్ణయించిన పీహెచ్ 6.5 నుంచి 8.5. వీటిలో క్లోరిన్ ఉంటుంది. మనల్ని రోగాల నుంచి కాపాడేది అదే, చేప మొప్పల్ని కాల్చేది కూడా అదే.

ఆర్వో నీళ్లు: ఇంట్లో ఫిల్టర్ నుంచి వచ్చినా, 20 లీటర్ల క్యాన్‌లో వచ్చినా లవణాలు చాలావరకు తీసేసిన నీళ్లివి. "మనం తాగే మంచి నీళ్లే చేపలకూ పోద్దాం" అని ప్రేమతో చాలామంది ఇవే పోస్తారు. ఇందులో ఉన్న చిక్కేమిటో కాసేపట్లో చూద్దాం.

ఎప్పుడు కొలవాలన్నది కూడా ముఖ్యమే. బోరు నుంచి అప్పుడే పట్టిన నీటిలో కార్బన్ డై ఆక్సైడ్ ఎక్కువగా కరిగి ఉంటుంది. అది నీటిలో కార్బోనిక్ ఆమ్లంగా మారి పీహెచ్‌ను తగ్గించి చూపిస్తుంది. బకెట్‌లో ఒక రోజు నిలవ ఉంచితే ఆ వాయువు బయటికి పోయి పీహెచ్ పెరుగుతుంది. అందుకే నీళ్లు పట్టగానే ఒకసారి, 24 గంటల తర్వాత మరోసారి కొలవండి. అక్వేరియంలో చివరికి నిలిచేది రెండో అంకెకు దగ్గరగా ఉంటుంది. ఈ రెండు కొలతలూ పిల్లల చేత తీయించి తేడా ఎందుకొచ్చిందో అడగండి. సోడా సీసా మూత తీసి ఉంచితే ఏమవుతుందో గుర్తుచేస్తే జవాబు వాళ్లే చెబుతారు.

దేనితో కొలవాలి?

పసుపు నీళ్లు, మందార పువ్వు రసం తరగతి ప్రయోగాలకు బాగుంటాయి. అక్వేరియానికి అవి చాలవు. పసుపు ఎర్రబడేది పీహెచ్ దాదాపు 8 చుట్టుపక్కలకు వచ్చాకే, అందువల్ల 6కీ 7కీ తేడా దానితో తెలియదు. రంగుల కాగితం పట్టీలు సుమారుగా చెబుతాయి. అక్వేరియం షాపుల్లో దొరికే చుక్కల కిట్ ఇంటికి సరిపోతుంది. డిజిటల్ పెన్ కొంటే దానితోపాటు వచ్చే పొడులతో చెప్పిన ప్రకారం ద్రావణం కలిపి అప్పుడప్పుడు సరిచూసుకోవాలి. సాధారణంగా అవి 4.01, 6.86, 9.18 అంకెలతో ఉంటాయి. సరిచూడని పెన్ను ఎంత ఖరీదైనదైనా చెప్పే అంకెను నమ్మలేం.

వీలైతే కేహెచ్ కిట్, అమోనియా కిట్ కూడా తెచ్చుకోండి. పీహెచ్ ఎంతుందో చెప్పేది ఒక కిట్ అయితే, అది ఎంతకాలం నిలబడుతుందో చెప్పేది కేహెచ్ కిట్.

నీటికి ఉండే ఓర్పు

పీహెచ్ పడిపోకుండా నీటిని కాపాడేది అందులోని బైకార్బొనేట్. నీటిలోకి ఆమ్లం వచ్చినప్పుడల్లా బైకార్బొనేట్ దాన్ని పట్టుకుని, కార్బన్ డై ఆక్సైడ్‌గా, నీరుగా మార్చేస్తుంది. ఇలా ఆమ్లాన్ని తట్టుకునే గుణాన్ని బఫర్ అంటారు. ఈ శక్తిని కొలిచేదే కేహెచ్. దాన్ని నీటికి ఉన్న ఓర్పు అనుకోండి. ఓర్పు ఉన్నంతకాలం పీహెచ్ కదలదు. అది అయిపోయిన రోజున పీహెచ్ జారిపోతుంది.

దీన్ని పిల్లలకు చూపించడానికి పది నిమిషాలు చాలు.

కావలసినవి: ఎర్ర మందార పువ్వులు నాలుగు, రెండు గాజు గ్లాసులు, నిమ్మరసం, చుక్కలు వేసే డ్రాపర్, కొంచెం ఆర్వో నీరు, కొంచెం బోరు నీరు.

1. మందార రేకుల్ని గోరువెచ్చని నీటిలో అరగంట నానబెట్టి రసాన్ని వడకట్టండి.
2. ఒక గ్లాసులో 100 మిల్లీలీటర్ల ఆర్వో నీరు, రెండోదానిలో అంతే బోరు నీరు పోయండి. రెంటిలోనూ సమానంగా మందార రసం కలపండి. బోరు నీటి గ్లాసు కాస్త ఆకుపచ్చ వైపు తిరగవచ్చు. అది క్షార గుణానికి గుర్తు.
3. నిమ్మరసం ఒక్కో చుక్కే వేస్తూ, కలుపుతూ, ముదురు గులాబీ రంగు వచ్చేదాకా చుక్కలు లెక్కపెట్టండి.

ఆర్వో గ్లాసు ఒకటి రెండు చుక్కలకే రంగు మారిపోతుంది. బోరు నీరు చాలా చుక్కల దాకా పట్టు విడవదు. ఆ చుక్కల లెక్కే బఫర్ లెక్క. ఆర్వో నీటిలో చేపల్ని ఉంచడం ఎందుకు ప్రమాదమో ఇప్పుడు పిల్లలకు వేరే చెప్పక్కర్లేదు. శుభ్రంగా ఉన్నా ఆ నీటికి ఓర్పు లేదు.

మూడు నెలల్లో తొట్టిలో ఏం జరుగుతుంది?

చేపలు మొప్పల ద్వారా అమోనియా వదులుతాయి. మిగిలిపోయిన మేత కుళ్లినా అమోనియానే వస్తుంది. ఫిల్టర్ స్పాంజ్‌లో, గులకరాళ్ల మీద ఉండే మంచి బ్యాక్టీరియా దాన్ని ముందు నైట్రైట్‌గా, తర్వాత అంత హాని లేని నైట్రేట్‌గా మారుస్తాయి. కొత్త తొట్టిలో ఈ బ్యాక్టీరియా నిలదొక్కుకోవడానికి సాధారణంగా నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది.

అయితే ఈ పనికి ఒక ఖర్చుంది. అమోనియా నైట్రేట్‌గా మారేటప్పుడు ఆమ్లం పుడుతుంది. అమోనియా రూపంలోని ఒక మిల్లీగ్రాము నైట్రోజన్‌ను మార్చడానికి, కాల్షియం కార్బొనేట్ లెక్కలో సుమారు 7 మిల్లీగ్రాముల క్షారత ఖర్చవుతుంది. అంటే చేపలకు మేత వేసిన ప్రతిరోజూ నీటి ఓర్పు కొంచెం తరుగుతూనే ఉంటుంది.

వారం వారం కొంత నీరు మారుస్తుంటే తరిగిన బైకార్బొనేట్ తిరిగి చేరుతుంది. చాలా ఇళ్లలో జరిగేది వేరు. ఆవిరైన మేరకు పైన నీళ్లు పోసి ఊరుకుంటారు. నీళ్లు చూడ్డానికి తేటగానే ఉంటాయి. కానీ పీహెచ్ 8 నుంచి 7.5కి, 7కి, ఆపైన 6కి దిగుతుంది. దిగడం నెమ్మదిగా జరుగుతుంది కాబట్టి చేపలు ఎలాగో సర్దుకుంటాయి. 6 దగ్గరికి వచ్చేసరికి బ్యాక్టీరియా పని బాగా మందగిస్తుంది. అమోనియా పేరుకోవడం మొదలవుతుంది.

అయినా చేపలు బతికే ఉంటాయి, ఎందుకంటే అమోనియాకు నీటిలో రెండు రూపాలున్నాయి. ఒకటి అమోనియం అయాన్, దానివల్ల హాని తక్కువ. రెండోది స్వేచ్ఛా అమోనియా, అది విషం. ఏ రూపం ఎంత ఉండాలో తేల్చేది పీహెచ్. 25 డిగ్రీల దగ్గర లెక్క సుమారుగా ఇలా ఉంటుంది:

పీహెచ్ 6 దగ్గర మొత్తం అమోనియాలో విషరూపం 0.06 శాతం.
పీహెచ్ 7 దగ్గర 0.6 శాతం.
పీహెచ్ 8 దగ్గర 5 శాతం పైచిలుకు.
పీహెచ్ 9 దగ్గర మూడో వంతుకు పైగా.

నీరు వేడెక్కితే ఈ శాతాలు ఇంకా పెరుగుతాయి. మన ఎండాకాలంలో దీన్ని మరచిపోకూడదు.

ఆదివారం జరిగిన అనర్థం

పాత తొట్టిలో లీటరుకు 4 మిల్లీగ్రాముల అమోనియా పేరుకుందనీ, పీహెచ్ 6 ఉందనీ అనుకుందాం. అందులో విషరూపం 0.0023 మిల్లీగ్రాములే. చేప తట్టుకుంటుంది. ఇప్పుడు సగం నీళ్లు తీసి బోరు నీళ్లు పోశాం. అమోనియా సగానికి, అంటే 2 మిల్లీగ్రాములకు తగ్గింది. కానీ పీహెచ్ 8కి ఎగబాకింది. ఇప్పుడు విషరూపం దాదాపు 0.108 మిల్లీగ్రాములు. మురికి సగం తగ్గింది, విషం 45 రెట్లకు పైగా పెరిగింది. సాధారణంగా లీటరుకు 0.05 మిల్లీగ్రాములు దాటితేనే మొప్పలకు దెబ్బ తగలడం మొదలవుతుంది. పదో తరగతి పిల్లలుంటే ఈ లెక్క వాళ్ల చేతే వేయించండి.

మొత్తం నీళ్లు మార్చేస్తే అమోనియా అంతా పోతుంది కదా అనవచ్చు. పోతుంది, కానీ అప్పుడు మరో మూడు దెబ్బలు ఒకేసారి తగులుతాయి. పీహెచ్‌తోపాటు లవణాలు కూడా నిమిషాల్లో మారిపోయి చేప ఒంట్లోని నీరు, ఉప్పుల సమతూకం తప్పుతుంది. నల్లా నీటిలోని క్లోరిన్ మొప్పల్ని కాలుస్తుంది. స్పాంజ్‌నీ రాళ్లనీ నల్లా కింద కడిగేసినందువల్ల మంచి బ్యాక్టీరియా చాలావరకు పోతాయి, ఆ తర్వాత వచ్చే అమోనియాను మార్చే దిక్కుండదు. పిల్లల ప్రశ్నకు జవాబు ఇదే. తప్పు శుభ్రం చేయడంలో లేదు. మూడు నెలల పని ఒక్క పూటలో చేయడంలో ఉంది.

వారానికి ఇరవై నిమిషాల పద్ధతి

తొట్టిలో ఎన్ని లీటర్లు పడతాయో ముందు లెక్కకట్టండి. పొడవు, వెడల్పు, ఎత్తు సెంటీమీటర్లలో కొలిచి గుణించి, వెయ్యితో భాగిస్తే లీటర్లు వస్తాయి. 60, 30, 30 సెంటీమీటర్ల తొట్టికి 54 లీటర్లు. రాళ్లు, పైన వదిలే ఖాళీ తీసేస్తే 45 లీటర్ల నీరు అనుకోవచ్చు. ఏ మందైనా, ఏ నీటి మార్పైనా ఈ అంకె మీదే ఆధారపడుతుంది.

శనివారం సాయంత్రం: 10 లీటర్ల నీరు బకెట్‌లో పట్టి మూత లేకుండా ఉంచండి. నల్లా నీళ్లయితే అక్వేరియం షాపులో దొరికే యాంటీ క్లోరిన్ మందును సీసా మీద రాసిన కొలత ప్రకారం కలపండి. నిలవ ఉంచితే మామూలు క్లోరిన్ చాలావరకు పోతుంది, కానీ కొన్నిచోట్ల వాడే క్లోరమీన్ అలా పోదు. మందు కలపడమే భద్రం.

ఆదివారం ఉదయం: తొట్టి నీటినీ బకెట్ నీటినీ విడివిడిగా కొలిచి పుస్తకంలో రాయించండి. ఎప్పుడూ ఒకే వేళకు కొలవండి. నీటి మొక్కలున్న తొట్టిలో పగలు మొక్కలు కార్బన్ డై ఆక్సైడ్‌ను వాడుకోవడం వల్ల సాయంత్రానికి పీహెచ్ పెరుగుతుంది, రాత్రి మళ్లీ తగ్గుతుంది. భీమవరం, కైకలూరు వైపు చేపల, రొయ్యల చెరువుల రైతులు పొద్దున, సాయంత్రం నీటిని పరీక్షించేది ఇందుకే. మన అద్దాల తొట్టి ఆ చెరువుకు చిన్న తమ్ముడే.

తర్వాత: పైపుతో అడుగునున్న చెత్తను లాగుతూ నాలుగో వంతుకు మించకుండా నీరు తీయండి. స్పాంజ్‌ను నల్లా కింద పెట్టకుండా ఆ తీసిన నీటిలోనే రెండుసార్లు పిండండి. బకెట్ నీటిని మగ్గుతో నెమ్మదిగా పోయండి. రెండు నీళ్ల వెచ్చదనం ఇంచుమించు ఒకటిగా ఉండాలి. తీసిన నీటిని పూలకుండీలకు పోయండి, అందులోని నైట్రేట్ మొక్కలకు ఎరువు.

మేత విషయం: రెండు నిమిషాల్లో తినగలిగినంతే, రోజుకు ఒకటి రెండుసార్లు. పీహెచ్ పడిపోవడానికి మొదటి కారణం తరచుగా మనం వేసే మేతే. తాతయ్య, నానమ్మ, పనిమనిషి, పిల్లలు తలో చిటికెడు వేయకుండా ఆ పని ఒకరికే అప్పగించండి.

గుండ్రటి గాజు గిన్నెల గురించి కూడా ఒక మాట. నాలుగైదు లీటర్ల నీటిలో ఏ మార్పైనా చాలా వేగంగా వస్తుంది. చిన్న గిన్నె తేలిక, పెద్ద తొట్టి కష్టం అనుకుంటాం. నిజానికి నీరు ఎక్కువున్న కొద్దీ నిలకడ ఎక్కువ, మన పని తక్కువ.

పాత తొట్టిని దారికి తేవాలంటే

మీ తొట్టి ఇప్పటికే నెలల తరబడి నీరు మార్చకుండా ఉండి, పీహెచ్ 6.5 కంటే తక్కువ చూపిస్తే కంగారుపడి పెద్దగా నీరు మార్చవద్దు. సోడా కూడా వేయవద్దు. ముందు అమోనియా కొలవండి. మేత రెండు రోజులు ఆపండి, ఆరోగ్యంగా ఉన్న పెద్ద చేపలకు దానివల్ల ఏమీ కాదు. ఎయిర్ పంపు ఆపకుండా నడపండి. రోజుకు పదో వంతు నీరు మాత్రమే మారుస్తూ వారం పది రోజుల్లో మామూలు స్థితికి తీసుకురండి. ప్రతిరోజూ పీహెచ్ రాసుకుంటే అంకె ఎలా ఎక్కుతోందో పిల్లలే గ్రాఫ్ గీయవచ్చు.

పీహెచ్‌ను మార్చాల్సి వస్తే

చేపల్ని కొనేముందే మన నీళ్లకు సరిపోయే రకం ఎంచుకుంటే సగం సమస్య ఉండదు. గప్పీ, మోలీ, ప్లాటీ వంటివి బోరు నీళ్లలాంటి కఠిన జలంలో హాయిగా ఉంటాయి. గోల్డ్‌ఫిష్‌కు 7 నుంచి 8 బాగుంటుంది. ఏంజెల్, ఫైటర్ చేపలకు 6.5 నుంచి 7.5 అనుకూలం. అమెజాన్ ప్రాంతపు మెత్తని నీటి నుంచి వచ్చిన నియాన్ టెట్రా, డిస్కస్ లాంటివి కఠిన జలంలో ఇబ్బంది పడతాయి. వాటి కోసం నీటితో యుద్ధం చేయడం కంటే గప్పీలతో స్నేహం చేయడం పిల్లలకు మేలు. కొత్త చేపల్ని తెచ్చినప్పుడు కవరును పావుగంట తొట్టిలో తేలనిచ్చి, ఐదు నిమిషాలకోసారి అరకప్పు తొట్టి నీరు కవరులో పోస్తూ అరగంట తర్వాత వదలండి.

పెంచాలంటే: కేహెచ్ 4 డిగ్రీల కంటే తక్కువగా ఉండి, అమోనియా లేదని తేలినప్పుడు మాత్రమే వంట సోడా వాడవచ్చు. 50 లీటర్లకు ఒక చిన్న చెంచా, అంటే సుమారు 6 గ్రాములు, కేహెచ్‌ను దాదాపు 4 డిగ్రీలు పెంచుతుంది. రోజుకు పావు చెంచా చొప్పున గ్లాసు నీటిలో కరిగించి నాలుగు రోజుల్లో వేయండి. వంట సోడా వేరు, బేకింగ్ పౌడర్ వేరు, బట్టల సోడా వేరు. చివరి రెండూ తొట్టి దరిదాపులకు రాకూడదు.

తగ్గించాలంటే: బోరు నీటిలో కొంత ఆర్వో నీరు కలిపి, ప్రతివారం అదే పాళ్లలో వాడండి. సగం సగం కలిపితే కఠినత్వం దాదాపు సగమవుతుంది, పీహెచ్ మాత్రం కొద్దిగానే తగ్గుతుంది. అది చాలు. మన వీధుల్లో గొడుగులా పరుచుకునే బాదం చెట్టు ఎండుటాకులు ఒకటి రెండు కడిగి వేస్తే మెత్తని నీటిలో పీహెచ్ కాస్త తగ్గుతుంది. కఠిన జలంలో పెద్ద తేడా రాదు. నిమ్మరసం, వెనిగర్ ఎప్పుడూ వేయవద్దు. బఫర్ ఉన్నంతసేపు వాటి ప్రభావం నిలవదు, బఫర్ అయిపోగానే పీహెచ్ ఒక్కసారిగా కూలిపోతుంది. షాపులో అమ్మే "పీహెచ్ తగ్గించే" సీసాలను కూడా అడ్డదిడ్డంగా వాడితే జరిగేది ఇదే.

అలంకరణ రాళ్లు: విశాఖ బీచ్ నుంచి ఏరి తెచ్చుకున్న గవ్వలు, ఆల్చిప్పలు తొట్టిలో వేయాలని పిల్లలకు ఉంటుంది. అవి కాల్షియం కార్బొనేట్. ఆమ్ల నీటిలో నెమ్మదిగా కరుగుతూ పీహెచ్‌ను పెంచుతాయి. ఏ రాయి అలాంటిదో తెలుసుకోవడానికి దాన్ని తొట్టి బయట పెట్టి ఒక చుక్క వెనిగర్ వేయండి. బుడగలు వస్తే అది నీటిని మార్చే రాయి.

పిల్లల భద్రత కోసం: కిట్ చుక్కలు పిల్లల కళ్లకు, నోటికి తగలకూడదు. పరీక్షించిన నీటిని తిరిగి తొట్టిలో పోయకూడదు. పనికి ముందు హీటర్, పంపు స్విచ్ తీసేయాలి. పని అయ్యాక చేతులు సబ్బుతో కడగాలి.

ఒక నోటు పుస్తకం

తొట్టి పక్కన ఒక నోటు పుస్తకం పెట్టి ఆరు గడులు గీయించండి: తేదీ, వేళ, తొట్టి పీహెచ్, బకెట్ నీటి పీహెచ్, ఎన్ని లీటర్లు మార్చాం, చేపలు ఎలా ఉన్నాయి. ఎనిమిది వారాలు రాస్తే చాలు. మీ ఇంటి నీటికి ఏది మామూలో, ఏది తేడానో ఆ పుస్తకమే చెబుతుంది. అంకె రోజురోజుకీ 7.8, 7.8, 7.7 అని ఉంటే, పుస్తకాల్లో రాసిన "సరైన" అంకె 7.2 అయినా ఫర్వాలేదు. ఏమీ చేయకండి.

ఏమీ చేయకుండా ఉండటం పిల్లలకు నేర్పడం కష్టమే, మనకూ కష్టమే. అంకె కాస్త తగ్గగానే ఏదో ఒకటి కలిపి వెంటనే పెంచేయాలనిపిస్తుంది. చేపల దగ్గర ఆ తొందర పనికిరాదు. ముందు కొలవాలి, కారణం వెతకాలి, మార్చాల్సి వస్తే కొంచెం కొంచెంగా మార్చాలి, మళ్లీ కొలవాలి. ఇంత జాగ్రత్త పడ్డా ఒక్కోసారి చేప చనిపోవచ్చు. అప్పుడు పిల్లలు చూడకముందే తీసేసి అలాంటిదే ఇంకోటి తెచ్చి వేయకండి. పుస్తకం తెరిచి, ఆ వారం అంకెలు కలిసి చూడండి. "మనం ఏం మార్చాం, నీరు ఎంత మారింది?" అని అడగండి. తప్పు ఎవరిదని వెతకకుండా కారణం ఏమిటని వెతకడం పిల్లలకు అక్కడే అలవాటవుతుంది.

ఈ ఆదివారం తొట్టి కడగాలని అనుకుంటుంటే కాస్త ఆగండి. శనివారం రాత్రే ఒక బకెట్ నీళ్లు పట్టి ఉంచండి.